సెట్టర్ అన్న చాయ్ తాగే పదిహేను నిమిషాలు

ట్రాలీ ఆటో మా గేటు ముందు ఆగినప్పుడు నేను ఫైల్ పేజీలకు నంబర్లు వేస్తున్నాను. మే నెల. రేకుల షెడ్డు కింద ఊపిరాడని వేడి. ఆటోలో నీలం క్రేట్లు. వారం కిందట మేమే లెక్కపెట్టి, కాగితం చుట్టి పంపిన 600 స్టెయిన్‌లెస్ స్టీల్ బుష్‌లు, అంటే మధ్యలో రంధ్రం ఉన్న చిన్న గొట్టాలు, అలాగే తిరిగొచ్చాయి. చలాన్ వెనకాల కస్టమర్ దగ్గరి ఇన్‌స్పెక్టర్ ఒక్క లైన్ రాశారు: ‘గో గేజ్ దూరడం లేదు.’ రంధ్రం ఉండాల్సినంత ఉంటే లోపలికి వెళ్లాల్సిన కొలత కడ్డీ వెళ్లడం లేదని.

నేను నంబర్లు వేస్తున్న ఆ ఫైలే మా ఐఎస్‌ఓ 9001 ఫైల్, నాణ్యత నిర్వహణకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం కోసం తయారుచేసింది. అప్పటికి 23 ప్రొసీజర్లు, 118 పేజీలు. అందులో ‘మొదటి పీస్ తనిఖీ’ అనే ప్రొసీజర్ కూడా ఉంది. ఆ 600 బుష్‌లు దాని ప్రకారమే తయారయ్యాయి.

మాది హైదరాబాద్‌లోని బాలానగర్. మందుల సంస్థ ఐడీపీఎల్, విమానాల సంస్థ హెచ్‌ఏఎల్ లాంటి పెద్ద ప్రభుత్వ సంస్థల చుట్టూ పెరిగిన పారిశ్రామికవాడ. 1968లో మొదలైన, టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ కూడా ఇక్కడే ఉంది. మా లేన్‌లోకి వస్తే ప్రతి షట్టర్ వెనకాలా ఒక లేత్ తిరుగుతుంటుంది. మా షాపులో కంప్యూటర్‌తో నడిచే ఆరు సీఎన్‌సీ టర్నింగ్ మెషిన్లు, రెండు మిల్లింగ్ మెషిన్లు, అంతా కలిపి 42 మందిమి. నేను మెకానికల్ డిప్లొమా చేసి ఇక్కడే క్వాలిటీలో తొమ్మిదేళ్ల నుంచి పని చేస్తున్నాను. ఆ ఏడాది మా పెద్ద కస్టమర్ ఒకరు, ఆర్నెల్లలో ఐఎస్‌ఓ సర్టిఫికెట్ లేకపోతే కొత్త ఆర్డర్లు ఇవ్వలేమని చెప్పారు. సార్ నన్ను పిలిచి, ‘ప్రొసీజర్లన్నీ నువ్వే రాయాలమ్మా’ అన్నారు. అంతకు ముందు నేను ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు తప్ప ఏమీ రాయలేదు.

ఒక కన్సల్టెంట్ వచ్చారు. పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ ఇచ్చి, కంపెనీ పేరు మార్చుకుంటే చాలన్నారు. మార్చాను. మేము చేయని హీట్ ట్రీట్‌మెంట్‌కి ప్రొసీజర్ ఉంటే తీసేశాను. ‘సర్వీసింగ్’ అని ఇంకొకటి ఉంది, మాకు అది దేనికో అర్థం కాలేదు. అయినా ఉంచాను. అంత పెద్ద ఫైల్ చూస్తే ఆడిటర్‌కి నమ్మకం కలుగుతుందని నిజంగానే అనుకున్నాను. స్టేజ్ 1 ఆడిట్ గడిచిపోయింది. అందులో ముఖ్యంగా చూసేది కాగితాలు సిద్ధంగా ఉన్నాయా, అసలు ఆడిట్‌కి మనం తయారుగా ఉన్నామా అన్నదే. స్టేజ్ 2కి ఏడు వారాలుంది. అప్పుడొచ్చాయి ఈ క్రేట్లు.

బుష్ లోపలి బోర్, అంటే రంధ్రం, 20 మిల్లీమీటర్లు, హెచ్7 ఫిట్. అంటే 20.000 కంటే తక్కువ కాకూడదు, 20.021 దాటకూడదు. మనకున్న చోటు మొత్తం 21 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆరు వందలూ నేనూ, మా షాపులో ఇన్‌స్పెక్షన్ చేసే తమ్ముడూ కూర్చుని మళ్లీ కొలిచాం. 143 పీసులకు గో గేజ్ దూరలేదు. బోర్ చిన్నదైంది కాబట్టి హోనింగ్ చేసి, అంటే లోపల సన్నగా అరగదీసి, సరిచేసుకోవచ్చు, అదే పెద్దదయ్యుంటే మొత్తం స్క్రాపే. ఆ 143 పీసులూ ఒకే షిఫ్ట్‌వి. నైట్ షిఫ్ట్, మూడో నంబర్ మెషిన్, ఒడిశా నుంచి వచ్చిన ఆపరేటర్. చేరి రెండు నెలలే అయింది.

సూపర్‌వైజర్ కారణం ముందే రాసేశారు: ‘ఆపరేటర్ నిర్లక్ష్యం.’ చర్య: ‘హెచ్చరించి, మళ్లీ శిక్షణ ఇచ్చాం.’ ఇక నేను సంతకం పెడితే అయిపోతుంది. ఆ కుర్రాడి నైట్ అలవెన్స్ కూడా ఆపేద్దామన్న మాట వినిపించింది.

రిజిస్టర్ తీసి చూశాను. మొదటి పీస్ కొలిచాడు, 20.004 అని రాశాడు. ప్రతి 20 పీసులకు ఒకటి కొలిచాడు, అన్నీ 20.003, 20.005. సమయం వేశాడు, సంతకం పెట్టాడు. అతన్ని పిలిస్తే గోడకు ఆనుకుని నిలబడి, ‘పేపర్ మే జైసా లిఖా హై, వైసా హీ కియా మేడమ్’ అన్నాడు. కాగితంలో ఎలా ఉంటే అలాగే చేశానంటున్నాడు. ఫైల్ తీసి పక్కన పెట్టుకుని ఒక్కో లైన్ సరిచూశాను. అతను చెప్పింది అక్షరాలా నిజం. ప్రొసీజర్ చెప్పిన ప్రతి పనీ చేశాడు. ప్రొసీజర్ ప్రకారం చేస్తేనే 143 పీసులు తప్పు పోయాయి.

నేను సంతకం పెట్టలేదు. సార్ దగ్గరికి వెళ్లి, ‘ఈ తప్పు ఆ అబ్బాయిది కాదు సార్, నేను ఇచ్చిన కాగితానిది. రెండు వారాలు టైమ్ ఇవ్వండి’ అని అడిగాను. ఆయనకు నచ్చలేదు. ఆడిట్ దగ్గర పడుతోందన్న టెన్షన్ ఆయనది. చివరికి ఒక వారం ఇచ్చారు.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని మొదటిసారి ప్రమాణం మొత్తం నేనే చదివాను. అంతవరకూ కన్సల్టెంట్ చెప్పిందే విన్నాను. చదువుతుంటే నాకు కోపం వచ్చింది, ఇన్నాళ్లూ ఎందుకు చదవలేదని. ఐఎస్‌ఓ 9001 మొదట 1987లో వచ్చింది. 1994 రూపంలో అవసరాలన్నీ 20 శీర్షికల కింద ఉండేవి. కాంట్రాక్ట్ రివ్యూ, సర్వీసింగ్, స్టాటిస్టికల్ టెక్నిక్స్ అన్నీ అందులోవే. నా ఫోల్డర్‌లో ఉన్నవి అవే పేర్లు. 2008 రూపంలో రాసి ఉంచి తీరాల్సిన ప్రొసీజర్లు ఆరు: డాక్యుమెంట్ల నియంత్రణ, రికార్డుల నియంత్రణ, అంతర్గత ఆడిట్, తప్పు సరుకు నియంత్రణ, దిద్దుబాటు చర్య, నివారణ చర్య. 2015లో ఆ ఆరూ పోయాయి. క్వాలిటీ మాన్యువల్ ఉండి తీరాలన్న మాట కూడా పోయింది. వాటి స్థానంలో ‘డాక్యుమెంటెడ్ ఇన్‌ఫర్మేషన్’ అన్న ఒక్క మాట వచ్చింది. పని సరిగ్గా జరగడానికి ఎంత అవసరమో అంత రాసుకోండి, సంస్థ ఎంత పెద్దది, పని ఎంత చిక్కుది, చేసేవాళ్లకు ఎంత వచ్చు అన్న దాన్నిబట్టి అది మారుతుంది అని 7.5 క్లాజ్ చెబుతోంది. అదే క్లాజ్‌లో ఇంకో చిన్న మాట కూడా ఉంది. కాగితం రూపం తగినట్టుగా ఉండాలంటూ ఉదాహరణకు భాష, బొమ్మలు అని రాశారు. అంటే భాష సంగతి కూడా మనమే ఆలోచించుకోవాలి. మా షాపులో ఇంగ్లీష్ పేజీ చదివి అర్థం చేసుకునేవాళ్లు అయిదుగురు. నా 118 పేజీల్లో సగం ఇంగ్లీషే.

మర్నాడు ఉదయం ఆరింటి షిఫ్ట్‌కి వెళ్లి మూడో నంబర్ మెషిన్ పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాను. మెషిన్‌ని పనికి సిద్ధం చేసేది మా సెట్టర్ అన్న, ఆయనకు ఈ పనిలో ముప్పై ఏళ్ల అనుభవం. ఆయన సెట్ చేసిన మెషిన్ నుంచి రిజెక్షన్ రావడం నేను దాదాపు చూడలేదు. ఆయన చేసే ప్రతి పనీ నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాను. పీస్‌ని పట్టుకునే జాలు బిగించాడు, బోరింగ్ బార్ ఇన్సర్ట్, అంటే కోసే మొన, మార్చాడు, టూల్ ఎంత జరగాలో చెప్పే ఆఫ్‌సెట్ ఇచ్చాడు, మొదటి జాబ్ (మేము పీస్‌ని అలాగే అంటాం) తీశాడు. గుడ్డతో తుడిచాడు, గాలి కొట్టాడు. తీసుకెళ్లి గ్రానైట్ సర్ఫేస్ ప్లేట్ మీద పెట్టాడు. పెట్టి, చేతులు కడుక్కుని చాయ్‌కి వెళ్లిపోయాడు.

నేనూ పెన్ను పక్కన పెట్టేశాను. తొమ్మిదేళ్లుగా అదే చేశాను కదా. ఆయన చాయ్‌కి వెళ్తే అది విరామం, పని కాదు అనుకోవడం. తిరిగొచ్చి, రంధ్రం కొలిచే డయల్ బోర్ గేజ్‌ని, కచ్చితమైన కొలతున్న సెట్టింగ్ రింగ్‌లో పెట్టి సున్నా చేసి, అప్పుడు కొలిచాడు. రెండో రోజూ అంతే. ఇన్సర్ట్ మార్చడం, జాబ్ తీయడం, ప్లేట్ మీద పెట్టడం, చాయ్. మూడో రోజు అడిగాను, ‘అన్నా, కొలిచేసి వెళ్లొచ్చు కదా?’

‘వేడి మీదున్న జాబ్ అబద్ధం చెప్తది మేడమ్’ అన్నాడు. ‘సల్లవడాలె. అప్పుడు నిజం చెప్తది.’

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. వెంటనే ఇంకో జాబ్ తీయమన్నాను. మెషిన్ లోంచి తీస్తే చేతికి చురుక్కుమంది. అప్పుడే కొలిస్తే 20.005. ప్లేట్ మీద పెట్టాం. అయిదు నిమిషాలకు 20.001. పదిహేను నిమిషాలకు 19.998. ఆ తర్వాత ఇంకో పావుగంట ఉంచినా కదల్లేదు. లెక్క వేస్తే సరిగ్గానే వచ్చింది. ఈ స్టీల్‌కి ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 17 మైక్రాన్ల వ్యాకోచం. 20 మిల్లీమీటర్ల బోర్ 20 డిగ్రీలు చల్లబడితే దాదాపు 7 మైక్రాన్లు తగ్గుతుంది. మనకున్న చోటు 21. అందులో మూడో వంతు వేడిలోనే పోతోంది. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలని ఐఎస్‌ఓ 1 చెబుతుందని డిప్లొమాలో పరీక్ష కోసం చదివాను. దానికి మార్కులు కూడా వచ్చాయి. కానీ సర్ఫేస్ ప్లేట్ మీద చల్లారుతున్న జాబ్‌ని రోజూ చూస్తూ, ఆ రెంటినీ ఎప్పుడూ కలిపి చూడలేదు.

రాత్రి రెండింటికి మా లేన్‌లో చాయ్ బండి ఉండదు. ఆ ఒడిశా కుర్రాడికి టార్గెట్ ఉంది, గేజ్ ఉంది, కొలవమన్న కాగితం ఉంది. ఆ రాత్రి జాబ్‌ని చల్లబరిచే కూలెంట్ కూడా తక్కువే ఉందని తర్వాత తెలిసింది. వేడి జాబ్ తీశాడు, కొలిచాడు, 20.004 వచ్చింది, నడిపించాడు. ఎవరైనా అదే చేసేవారు.

ఆ వారంలో ఇంకో పని చేశాను. షాపంతా తిరిగి, ఈ ఐఎస్‌ఓ ఫైల్ కంటే ముందు నుంచీ ఉన్నవాటితో సహా, పాత ప్రొసీజర్ కాగితాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి ఏరాను. మెషిన్ ప్యానెల్‌కి టేపుతో అతికించినవి, టేబుల్ అద్దం కింద పెట్టినవి, టూల్ డ్రాయర్‌లో అడుగున పరిచినవి, అన్నీ జిరాక్సులే. 11 దొరికాయి, అందులో నాలుగు రకాల రివిజన్లున్నాయి. డాక్యుమెంట్ కంట్రోల్ గురించి మా ఫైల్‌లో ఆరు పేజీలు ఉన్నాయి మరి. అయితే నన్ను కట్టిపడేసింది రివిజన్ల గొడవ కాదు. సెట్టర్ అన్న డ్రాయర్‌లో దొరికిన జిరాక్స్ మీద పెన్సిల్ రాతలు ఉన్నాయి. అచ్చులో ఉన్న లైన్ల మధ్య ఇరికించి, నూనె మరకల కింద సగం చెరిగిపోయి. ‘జా బిగింపు ఎక్కువైతే బోర్ ఓవల్.’ ‘కొత్త ఇన్సర్ట్ మొదటి అయిదు జాబ్‌లు నమ్మొద్దు.’ ‘రింగ్ తుడువు.’ ఒక కొట్టివేత కూడా ఉంది. మేము రాసిన ఒక అంకె కొట్టేసి పక్కన సరైనది రాసుకున్నాడు. ఎప్పుడు రాశావన్నా అంటే, నాలుగేళ్లయిందేమో అన్నాడు. నాలుగేళ్లుగా మా ప్రొసీజర్ ఒక అంకె తప్పుగా ఉంది. సరైనది ఆయన డ్రాయర్‌లో ఉంది. మేము అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ కాగితం ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో భద్రంగా ఉంది.

రాయడం మొదలుపెట్టాను. ముందు తెలుగులోనే రాద్దామనుకున్నాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. పాత ఫైల్‌లో తెలుగులో ఉన్న వాక్యం ఇలా ఉంది: ‘ప్రతి సెటప్ అనంతరం ప్రథమ భాగము తనిఖీ చేయబడును మరియు ఫలితములు నమోదు చేయబడును.’ దీన్ని పదిసార్లు చదివాను. తనిఖీ చేసేదెవరు? ఎప్పుడు? దేనితో? నమోదు చేసేదెక్కడ? ఏ ప్రశ్నకూ జవాబు లేదు, వాక్యం మాత్రం నిండుగా ఉంది. మనం పని చెప్పేటప్పుడు ఇలా మాట్లాడం. అమ్మ ఎప్పుడైనా ‘గంజి వార్చబడును’ అంటుందా? ‘గంజి వార్చి, మూత పెట్టి, సెగ తగ్గించు’ అంటుంది. ఎవరికి చెబుతోందో, ఏది ముందో ఏది వెనకో అందులోనే తెలిసిపోతుంది. నా ఫైల్‌లో ‘బడును’ ఎన్నిసార్లు ఉందో వెతికితే 200 దాటింది. ప్రతి ‘బడును’ దగ్గరా ఒక మనిషి తప్పిపోయాడు. వాటిని ఒక్కొక్కటిగా తీసి, అక్కడ మనిషిని నిలబెట్టుకుంటూ వచ్చాను. కొన్నిచోట్ల ఎవర్ని నిలబెట్టాలో నాకే తెలియలేదు. అలాంటి చోట షాపులో అడిగితే, అక్కడ కూడా ఎవరికీ తెలియదని తేలింది. ఆదివారం నైట్ షిఫ్ట్‌లో మొదటి పీస్‌కి ఓకే చెప్పేదెవరు? ఇన్నేళ్లూ ఎవరూ చెప్పడం లేదు. కాగితం మీద మాత్రం ‘ఆమోదించబడును.’

కొత్తది ఇలా వచ్చింది. ‘సెట్టర్: మొదటి జాబ్ తీసి, తుడిచి, గ్రానైట్ ప్లేట్ మీద 15 నిమిషాలు ఉంచాలి. ఈలోగా రెండో జాబ్ వేయకూడదు. గేజ్‌ని 20 రింగ్‌లో సున్నా చేయాలి, ముందు రింగ్ తుడవాలి. బోర్‌ని రెండు దిక్కుల్లో కొలవాలి, రెంటికీ తేడా 0.004 దాటితే జా బిగింపు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి.’ ఎందుకు ఆగాలో కూడా ఒక లైన్ రాశాను: ‘వేడి జాబ్‌లో బోర్ పెద్దగా కనబడుతుంది, చల్లారాక చిన్నదవుతుంది.’ ప్రొసీజర్‌లో కారణాలు రాయకూడదని కొందరంటారు. నేను ఒప్పుకోను. కారణం తెలియని మనిషి తొందరలో ఆ పదిహేను నిమిషాలనే ముందు వదిలేస్తాడు. కారణం తెలిస్తే వదలడు.

సెట్టర్ అన్నకు చదివి వినిపించాను. ‘తుడిచి’ దగ్గర ఆపాడు. ‘తుడుస్తే సాలదు మేడమ్. గాలి కొట్టాలె. బర్ ఉంటే గేజ్ పట్టుకుంటది’ అన్నాడు. బర్ అంటే కోసిన అంచున మిగిలే లోహపు గరుకు. రాసుకున్నాను. ‘రెండు దిక్కుల్లో’ అంటే కుర్రాళ్లకు తెల్వదు, బొమ్మ వెయ్ అన్నాడు. బొమ్మ కాదు, ఫోటోనే తీశాను, ఆయన చేతులతో. గేజ్ పట్టుకున్న ఆ చేతుల ఫోటో ఇప్పుడు మూడో నంబర్ మెషిన్ పక్కన లామినేషన్‌లో వేలాడుతోంది. తెలుగు కింద హిందీలో కూడా రాయించాం. మా నైట్ షిఫ్ట్‌లో సగం మంది బిహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లే. రెండూ కలిపి ఒకే పేజీ, ఒకే నంబర్, ఒకే రివిజన్. రెండు వేర్వేరు కాగితాలుగా పెడితే ఒకటి మారి ఇంకొకటి మారకుండా ఉండిపోతుందన్న భయం నాది.

ఇది పనికొస్తుందో లేదో చూడటానికి అప్పుడే చేరిన ఐటీఐ కుర్రాడిని పిలిచాను. మెదక్ వైపు నుంచి వచ్చాడు, టర్నర్ ట్రేడ్. కాగితం చేతికిచ్చి, ‘తమ్ముడూ, నన్ను ఏమీ అడగొద్దు. ఇందులో ఎలా ఉంటే అలా చెయ్యి’ అన్నాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నోరు మూసుకుని నిలబడటం ఎంత కష్టమో ఆ గంటలో తెలిసింది. నాలుగో లైన్ దాకా బాగా వెళ్లాడు. అయిదో లైన్ దగ్గర అయిదు నిమిషాలు అలాగే నిలబడిపోయాడు. ‘కొలత సరిగా లేకపోతే ఆఫ్‌సెట్ కొంచెం మార్చాలి’ అని నేనే రాశాను. కొంచెం అంటే? ప్లస్సా, మైనస్సా? అతని వేలు కీబోర్డ్ మీద అటూ ఇటూ ఊగుతోంది. నేను ఆపేసి, అతనికి థ్యాంక్స్ చెప్పి, కాగితం తీసుకుని వెనక్కి వచ్చాను.

మళ్లీ రాశాం. చల్లారిన జాబ్‌లో బోర్ ఎంత తక్కువుందో అంత వేర్ ఆఫ్‌సెట్ (టూల్ అరుగుదలకు ఇచ్చే సవరణ) ఎక్స్‌లో ప్లస్ ఇవ్వాలి. 0.008 తక్కువుంటే ప్లస్ 0.008. ఆపరేటర్ తనంతట తాను 0.020 వరకు మార్చుకోవచ్చు. అంతకు మించి కావాలంటే మెషిన్ ఆపి సెట్టర్‌ని పిలవాలి. ఎందుకంటే అంత తేడా వచ్చిందంటే ఇన్సర్ట్ విరిగి ఉండొచ్చు, జా జారి ఉండొచ్చు. ఈ 0.020 అన్న గీత ఎక్కడ గీయాలని సూపర్‌వైజర్, సెట్టర్ అన్న, నేను గంటసేపు వాదించుకున్నాం. సూపర్‌వైజర్‌కి ఆపరేటర్ అసలు ఆఫ్‌సెట్ ముట్టుకోవడమే ఇష్టం లేదు. ‘రాత్రి పూట ప్రతి మైక్రాన్‌కీ నన్ను లేపుతరా?’ అన్నాడు సెట్టర్ అన్న. ఆ వాదన జరగడమే నాకు ముఖ్యం. అంతకు ముందు ఎవరి అధికారం ఎంతవరకో ఎవరి మనసులో వాళ్లకు వేరేగా ఉండేది.

రెండోసారి కుర్రాడు ఆగకుండా చివరిదాకా వెళ్లాడు. చివర్లో ‘మేడమ్, ఓకే కాకపోతే జాబ్ ఎక్కడ పెట్టాలె?’ అని అడిగాడు. అడగొద్దన్నా అడిగాడు. అది రాయలేదు మేము.

తప్పు జరిగినప్పుడు ఏం చేయాలన్నదే అన్నిటికంటే ముఖ్యమని ఆ ప్రశ్నతో తెలిసింది. అంతా సవ్యంగా జరిగే దారిని మూడు పేజీలు రాసి, తప్పు దొరికితే ‘తగు చర్య తీసుకొనబడును’ అని ఒక్క లైన్‌తో ముగించేస్తాం. మనిషికి కాగితం అవసరమయ్యేదే అప్పుడు కదా, చెమట పట్టినప్పుడు! 8.7 క్లాజ్ కూడా అదే అడుగుతోంది. తప్పు సరుకు ఏదో తెలిసేలా గుర్తు పెట్టండి, మంచిదానితో కలవనివ్వకండి, ఏం చేయాలో నిర్ణయించింది ఎవరో రాసి ఉంచండి అని. మా షాపులో ఎర్ర డబ్బా ఉంది, కానీ మూత లేదు. డిస్పాచ్ తొందరలో అందులోంచి జాబ్‌లు తీసి మళ్లీ కొలిచి ఎక్కించిన రోజులు నేను చూశాను. ఇప్పుడు దానికి మూత, తాళం. తాళం చెవి క్వాలిటీ దగ్గరే. ఇంకో నియమం పెట్టాం. ఒక పీస్ తప్పు దొరికితే ఆ ఒక్కటే కాదు, అంతకు ముందు ఓకే అయిన పీస్ తర్వాత చేసినవన్నీ ఎర్ర ట్యాగ్‌తో పక్కకు. మేము 20కి ఒకటి కొలుస్తాం కాబట్టి కనీసం 19 ఆగుతాయి. అవన్నీ కొలిచాకే కదలాలి. మెషిన్ ఆపే హక్కు ఆపరేటర్‌దే, ఎవరినీ అడగక్కర్లేదు. ఆపినందుకు ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఈ చివరి లైన్ సార్ చేత సంతకం పెట్టించి వేశాను. లేకపోతే ఎవరూ నమ్మరు.

కొనుగోళ్లు, ఆర్డర్ రివ్యూ, మేనేజ్‌మెంట్ రివ్యూ లాంటివి పెద్ద కష్టం కాలేదు. జరుగుతున్నది చూసి, ఉన్నది రాశాం. కాలిబ్రేషన్ ప్రొసీజర్ ఆరు పేజీల నుంచి ఒక పేజీకి వచ్చింది, దాంతోపాటు గేజ్‌ల పట్టిక. సర్వీసింగ్ తీసేశాను. 23 ప్రొసీజర్లు ఏడయ్యాయి, మెషిన్ దగ్గర పెట్టే ఒక్క పేజీ కాగితాలు 14 వచ్చాయి. కన్సల్టెంట్ ఫోన్‌లో, ఇంత తక్కువ ఉంటే ఆడిటర్ ఊరుకోరు అన్నారు. నాకు భయం వేసిన మాట నిజం. అయినా పాతవి తిరిగి పెట్టలేదు.

స్టేజ్ 2 రోజు ఆడిటర్ ఆఫీసులో కూర్చున్నది గంట కూడా లేదు. నేరుగా షాపులోకి వెళ్లి, ఆ ఒడిశా కుర్రాడి దగ్గర ఆగి, మొదటి పీస్ ఎలా చేస్తావో చూపించమన్నారు. నేను దూరంగా నిలబడ్డాను. నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. వాడు జాబ్ తీశాడు, గాలి కొట్టాడు, ప్లేట్ మీద పెట్టాడు. ‘ఇప్పుడు?’ అన్నారాయన హిందీలో. ‘పంద్రహ్ మినిట్ సార్.’ ‘ఎందుకు?’ వాడు చూపుడు వేలూ బొటనవేలూ గుండ్రంగా పెట్టి, వేడికి పెద్దది, చల్లారితే చిన్నది అని చేత్తో చూపించాడు. ఆడిటర్ రాసుకున్నారు. తర్వాత ఒక ప్రశ్న వేశారు: ‘పదిహేను నిమిషాలైందని నీకెలా తెలుస్తుంది?’ వాడు జేబులోంచి ఫోన్ తీశాడు. ఆయన తలెత్తి గోడ మీది బోర్డు చూశారు. ‘షాపులో సెల్‌ఫోన్ నిషేధం’ అని మేమే పెట్టిన బోర్డు అది.

మైనర్ నాన్‌కన్‌ఫార్మిటీ, అంటే సరిచేయాల్సిన చిన్న లోపం, వచ్చింది, న్యాయమైనదే. రెండు కాగితాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి, రెండూ రాసింది నేనే. మర్నాడే ప్రతి మెషిన్ దగ్గరా వంటింట్లో వాడే చిన్న టైమర్ పెట్టించాం. సర్టిఫికెట్ వచ్చింది. మూడేళ్లు ఉంటుంది, మధ్యలో ఏడాదికోసారి సర్వైలెన్స్ ఆడిట్. ఆ అబ్బాయి నైట్ అలవెన్స్ ఆపలేదు. కారణం గడిలో ‘ఆపరేటర్ నిర్లక్ష్యం’ కొట్టేసి, ‘కొలిచే ముందు జాబ్ చల్లారాలని ప్రొసీజర్‌లో లేదు’ అని నేనే రాసి సంతకం పెట్టాను.

జనవరిలో సెట్టర్ అన్న వచ్చి, ‘చలికాలం కదా మేడమ్, పది నిమిషాలు సాలు’ అన్నాడు. మాట మీద మార్చలేదు, మూడు రోజులు వేర్వేరు వేళల్లో కొలిచి చూశాం. ఆయన చెప్పింది నిజమే, పది నిమిషాలకే కదలడం ఆగిపోతోంది. కానీ రెండు అంకెలుంటే ఏ నెలలో ఏదన్న గందరగోళం వస్తుందని ఇద్దరం మాట్లాడుకుని పదిహేనే ఉంచేశాం. ఎందుకు ఉంచామో రివిజన్ పట్టికలో రాశాం. ‘తయారు చేసినవారు’ గడిలో ఇప్పుడు నా పేరు పక్కన ఆయన పేరు కూడా ఉంటుంది.

వచ్చే సోమవారం నుంచి ప్యాకింగ్ దగ్గర కూర్చుంటున్నాను. అక్కడి కాగితం ఇంకా పాతదే, నాలుగు ‘బడును’లు ఉన్నాయి అందులో. నిన్న అటు వెళ్తూ చూశాను. ప్యాకింగ్ చేసే అక్క ప్రతి బుష్‌నీ కాగితంలో చుట్టే ముందు అంచు చుట్టూ బొటనవేలితో ఒకసారి తడుముతోంది. కొన్నింటిని పక్కన పెడుతోంది. ప్రొసీజర్‌లో అది లేదు. దేనికోసం చూస్తోందో అడగాలి.